కరిగిరిలో చెప్పులు కుట్టే గది

కాట్పాడి జంక్షన్‌లో దిగే మన తెలుగువాళ్లు ఎక్కువమంది సరాసరి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి ఆటో మాట్లాడుకుంటారు. మేం మాత్రం కరిగిరి వెళ్లాం. కరి అంటే ఏనుగు, గిరి అంటే కొండ. పేరు మనకూ తెలిసేదే. కుష్ఠు రోగుల కోసం 1955లో మొదలైన షిఫెలిన్ సంస్థ అక్కడుంది. మన డిచ్‌పల్లి, సాలూరు మిషన్ ఆసుపత్రులు ఎరిగినవాళ్లకు ఈ పని కొత్త కాదు.

కరిగిరి పేరెత్తితే డాక్టర్ పాల్ బ్రాండ్ గుర్తొస్తారు. ఆయన 1914లో తమిళనాడు కొల్లిమలై కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టారు, 1946లో వేలూరు వచ్చారు. కుష్ఠు వస్తే వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పట్లో జనం నమ్మకం. అసలు జరిగేది వేరని ఆయన చూపించారు. వ్యాధి నరాలను దెబ్బతీస్తే స్పర్శ పోతుంది. నొప్పి తెలియని మనిషి కాలే గిన్నెనూ వదలడు, ముల్లు దిగిన కాలితోనే మైళ్లు నడుస్తాడు. నిద్రలో ఎలుక వేలు కొరికినా మెలకువ రాదు. అందుకే ఇళ్లకు వెళ్లే రోగులకు పిల్లినిచ్చి పంపిన రోజులున్నాయి.

వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేయడం గొప్పే. కానీ నా దృష్టిలో అంతకన్నా గొప్పది చెప్పులు కుట్టే గది. అరికాలి కింద మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు, దాని కింద ముల్లు దిగని గట్టి అట్ట. రెంటినీ జిగురుతో అతికి, దారంతో కుడతారు. మేకు మాత్రం కొట్టరు. అట్ట అరిగాక మేకు మొన పైకి తేలి కాల్లో దిగినా రోగికి తెలియదు. వేళ్ల సందున దూరే పట్టీ ఉండదు, అది కోసేస్తుంది. మడమ వెనక పట్టీ తప్పనిసరి. లేకపోతే చెప్పు జారిపోయినా తెలియకుండా నడిచిపోతారు. రబ్బరు నెలల వాడకంలో అణిగిపోతుంది, అప్పుడు మార్చాలి. ఇంకో చిక్కుంది. చెప్పు చూడగానే ‘కుష్ఠు చెప్పు’ అని పోల్చుకునేలా ఉంటే ఎవరూ తొడగరు, గూట్లో దాచేస్తారు. కాబట్టి బజారు చెప్పులా కనబడడం కూడా వైద్యమే.

చెప్పులు ఒక్కటే చాలవు. రోజూ 20 నిమిషాలు పాదాలు మామూలు నీళ్లలో నానబెట్టాలి. వేన్నీళ్లు వద్దు, బొబ్బలెక్కుతాయి. నానాక ఆనెలను గరుకు రాయితో మెల్లగా రుద్దాలి. తడి ఆరకముందే కొబ్బరినూనె రాస్తే తేమ లోపలే నిలుస్తుంది, చర్మం పగలదు. అరికాలు అద్దంలో చూసుకోవాలి. పుండు పడితే పాదానికి విశ్రాంతి కావాలి. కట్టు కట్టుకుని నడుస్తూ ఉంటే అది మానదు. యేసు శిష్యుల పాదాలు కడిగిన సంగతి యోహాను సువార్త 13వ అధ్యాయంలో చదివినవాళ్లకు ఆ నీళ్ల తొట్టి ముందు ఇంకేమీ వివరించక్కర్లేదు.

మందులు ఉచితం. వ్యాధి తీవ్రతను బట్టి 6 లేదా 12 నెలలు మింగాలి. క్రిములు చస్తాయి గానీ, ఆలస్యంగా వస్తే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. అలాంటివాళ్లు కొత్త చెప్పులు మొదటిరోజు కాసేపే తొడగాలి. విప్పి, పాదంలో ఎక్కడైనా ఎర్రబడిందా, వేడెక్కిందా అని ఇంట్లోవాళ్ల చేత తాకించి చూసుకోవాలి. వేడి తగిలిన చోట చెప్పు ఒత్తుతోందన్నమాట. అక్కడ పట్టీ సడలించడానికి కుట్టినవాళ్ల దగ్గరికే మళ్లీ తీసుకురావాలి.