వీధి మొక్కలు: గుంత సరిగ్గా ఉంటేనే

ఎన్ని మొక్కలు నాటాలో తేల్చాల్సింది నీళ్లు పోసేవాళ్ల సంఖ్యను బట్టే. ఒక్కొక్కరు ఐదారుకు మించి చూసుకోలేరు, అదీ తమ ఇంటి ముందువైతేనే. ఫొటోల కోసం వంద నాటేకంటే ఇరవై నాటి బతికించడం మేలు.

మున్సిపాలిటీ అనుమతి తీసుకునేటప్పుడే భూమిలో కేబుళ్లు, పైపులు ఎక్కడున్నాయో అడిగి ముగ్గుపిండితో గీతలు గీసుకోండి. పైన కరెంటు తీగలుంటే ఎత్తు పెరగని జాతులే. మలుపుల దగ్గర మోకాలెత్తు దాటని పొదలు చాలు, బండి నడిపేవాళ్లకు అవతలివైపు కనబడాలి.

రోడ్డు పక్క నేల రోలర్ తొక్కిన మట్టి, కాంక్రీటు పెళ్లలు. గుంత వేరుముద్దకు (వేళ్లూ, వాటిని అంటుకున్న మట్టీ) రెండు మూడు రెట్లు వెడల్పుండాలి, లోతు మాత్రం ముద్దంతే. ఇంకా లోతుగా తవ్వి వదులు మట్టి నింపితే మొక్క తర్వాత కుంగి, మొదలు మట్టిలో కూరుకుని కుళ్లుతుంది. ముందురోజే గుంత నిండా నీళ్లు పోయండి. మర్నాటికీ ఇంకకపోతే అడుగున గట్టి పొర ఉన్నట్టే: గడ్డపారతో పగలగొట్టాలి, లేదా చోటు మార్చాలి. గోడలు నున్నగా తేలితే గరుకు చేయండి. లేదంటే వేళ్లు కుండీలో తిరిగినట్టు అక్కడే చుట్టలు చుట్టుకుంటాయి.

నర్సరీ కవరును పూర్తిగా కోసి తీసేయాలి. హడావిడిలో కవరుతోనే పాతేసేవాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు, ఒక కన్నేసి ఉంచండి. చుట్టుకున్న వేళ్లను ముద్ద పక్కన మూడు నాలుగు చోట్ల నిలువుగా కోయాలి. మొదటి వేరు విడిపోయే చోటు నేలకు వేలెడు పైనుండాలి. తవ్విన మట్టిలోనే రాళ్లేరి, నాలుగో వంతుకు మించకుండా కంపోస్టు కలిపి సగం నింపి, నీళ్లు పోసి కుదురుకోనిచ్చి మిగతాది నింపండి. కాళ్లతో తొక్కొద్దు. యూరియా అసలొద్దు.

పైన 5–8 సెంటీమీటర్ల ఎండుటాకులు, కాండానికి నాలుగు వేళ్ల ఎడంగా. ఊతకర్రలకు గుడ్డపట్టీతో వదులుగా కట్టి, ఏడాదికి విప్పేయాలి. తీగతో కడితే బెరడు కోసుకుపోతుంది.

రోజూ చెంబెడు పోస్తే పైపొరే తడుస్తుంది. వర్షాలు లేనప్పుడు వారానికి రెండుసార్లు, ఒక్కోదానికి 15 లీటర్లు నిదానంగా పోయండి. ఇలా రెండేళ్లు.

మొక్క చస్తే వెంటనే కొత్తది నాటకుండా, పీకి ముద్దను చూడండి. వేళ్లు నల్లబడి కంపు కొడితే నీళ్లు నిలిచాయి. చుట్టూ మట్టి తడిగా ఉండి ముద్ద మాత్రం పొడిగా రాలితే, పోసిన నీళ్లు పక్కనుంచే జారిపోయాయి. ఈసారి పాదు చిన్నగా కట్టి, మొదటి నెలంతా ముద్ద మీదే నీళ్లు పోయాలి.