హెస్పెరోర్నిస్ పాదం: నాలుగో వారం

ఏనాడో అంతరించిపోయిన హెస్పెరోర్నిస్ అనే ఈత పక్షి పాదానికి వైరుతో నమూనా చేస్తున్నాను. మూడు వారాల పని పక్కన పెట్టేశాను. అప్పటిదాకా నేను చేసింది బాతు పాదం. బాతుకు నడిమి వేలు పొడవు. హెస్పెరోర్నిస్‌కు అన్నిటికంటే పొడవైనది, లావైనది బయటివైపున ఉండే నాలుగో వేలు. శిలాజం ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించి ఒక్కో ఎముకనూ స్కేలుతో కొలిస్తే గానీ ఈ తేడా నా కంటపడలేదు.

ఈ పక్షి ఎనిమిది కోట్ల ఏళ్ళ పైచిలుకు కిందట బతికింది. అమెరికాలోని కాన్సాస్ సుద్దరాళ్ళలో దొరికిన ఎముకలకు శిలాజ శాస్త్రవేత్త ఓథ్నియల్ మార్ష్ 1872లో ఆ పేరు పెట్టారు. దాదాపు ఆరడుగుల పొడవు, నోట్లో పళ్ళు, ఎగరడానికి పనికిరాని చిట్టి రెక్కలు. ఈతంతా కాళ్ళతోనే.

ఒకటో వేలి నుంచి నాలుగో వేలి దాకా ఎముకలు వరుసగా 2, 3, 4, 5, మొత్తం 14. బైండింగ్ వైరు అంత కష్టపెట్టలేదు. కష్టమంతా కీళ్ళతోనే వచ్చింది. నీటిని తోసేటప్పుడు వేళ్ళు విచ్చుకోవాలి. కాలు ముందుకు తెచ్చుకునేటప్పుడు మెలితిరిగి, నీటిని కోసుకుంటూ రావాలి. నాలుగో వేలి ఎముకల చివర రెండు బుడిపెల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అందుకే వంగుతూనే వేలు తిరుగుతుంది. ఎంత చక్కటి ఏర్పాటో!

మొదట రీఫిల్ గొట్టం ముక్కలను కీళ్ళుగా అడ్డంగా కట్టాను. వేలు తలుపులా మడుచుకుందే తప్ప తిరగలేదు. ముక్కలను 30 డిగ్రీలు ఏటవాలుగా కట్టి, సైకిల్ ట్యూబు రేకులు అతికించి బకెట్ నీళ్ళలో ఆడించాను. తోసేటప్పుడు చేతికి బరువు తెలిసింది, తిరిగి తెచ్చేటప్పుడు తేలికగా వచ్చేసింది. ఆ సాయంత్రం ఇంట్లో అందరి చేతా ఆడించి చూపించాను.

రేకులు ఎలా ఉండాలన్నది ఇంకో ప్రశ్న. ఆదివారం సుంకేసుల ఆనకట్ట దగ్గర నీటికాకులను చూశాను. వాటికి నాలుగు వేళ్ళనూ కలిపే ఒకే తోలు ఉంటుంది. గ్రీబ్ అనే చిన్న మునుగుడు పక్షికి మాత్రం ఏ వేలికి ఆ వేలికి విడిగా తమ్మెలు ఉంటాయి. హెస్పెరోర్నిస్ వేళ్ళ ఎముకలు గ్రీబ్ వాటిని పోలి ఉన్నాయి కనుక నేను తమ్మెలే పెడుతున్నాను.

పైపూతకు వాడిన మట్టి కర్నూలు ఎండకు మూడుసార్లు బీటలిచ్చింది. "కాగితం నానేసి, మెంతులు రుబ్బి కలుపు నాయనా, చాటలకు అలికేది అదే కదా" అంది మా అవ్వ. నాలుగు దోసిళ్ళ నానిన కాగితానికి గుప్పెడు మెంతులు. పలుచగా రెండు పూతలు పూసి నీడలో ఆరబెడితే ఒక్క బీట లేదు. కీళ్ళ దగ్గర మాత్రం పూయకూడదు, బిగుసుకుపోతాయి.

పీటకు బేతంచెర్ల నాపరాయి ముక్క తెచ్చాను. ఎముకలున్న జంతువులు పుట్టకముందే ఏర్పడిన రాయి అది. దాని మీద ఈ పాదం నిలబెట్టాలని నాకు చాలా ఇష్టంగా ఉంది. వచ్చే వారం మడమ కీలు, ఆ తర్వాత రాయికి తొర్ర.