బీట్ లేని మిక్స్‌లో అతుకులు

ఆంబియెంట్ (తాళం లేకుండా నెమ్మదిగా పరుచుకునే సంగీతం) గెస్ట్ మిక్స్, అంటే ఏదైనా రేడియో షో కోసమో ఛానల్ కోసమో అతిథిగా ట్రాకులు కలిపి ఇచ్చే మిక్స్, అడిగితే చాలామంది సంగీతకారులు మంచి ట్రాకులు పన్నెండు ఏరి వరసగా పేర్చేస్తారు. ఒక్కసారి లెక్క చూడండి. సగటున 7 నిమిషాల ట్రాకులు 12 అంటే 84 నిమిషాలు. మధ్యలో ఒక ట్రాక్ కరుగుతుండగా ఇంకోటి మొదలయ్యే అతుకులు 11, ఒక్కోటి 2 నిమిషాలు, మొత్తం 22. అవి తీసేస్తే 62 నిమిషాల మిక్స్. అందులో మూడోవంతుకు పైగా రెండు ట్రాకులు కలిసి మోగే సమయమే. అతిథి సొంత సంగీతం అసలు ఉండేది అక్కడే.

బీట్ లేదు కాబట్టి టెంపో గొడవ లేదు. శ్రుతి గొడవ మాత్రం రెట్టింపు, ఎందుకంటే తప్పును కప్పడానికి డ్రమ్స్ ఉండవు. హార్మోనియంతోనో ట్యూనర్ యాప్‌తోనో ప్రతి ట్రాక్ ఆధార షడ్జమం పట్టుకుని, పేరు పక్కన ఒకటి, రెండున్నర, ఐదు అని శ్రుతి రాసుకోండి. ఒకటి పక్కన నాలుగు, ఐదు హాయిగా కలుస్తాయి. ఒకటి పక్కన ఒకటిన్నర వస్తే రెండు డ్రోన్లూ (ఆగకుండా సాగే స్వరాలు) కొట్టుకుంటాయి. కావాలని చేస్తే సరే. వేగం దాదాపు 6 శాతం మారిస్తే శ్రుతి ఒక అర్ధస్వరం జరుగుతుంది. గొంతు లేని ట్రాకులో ఆ మార్పు ఎవరికీ దొరకదు.

నిమిషానికి 45 చుట్లు తిరగాల్సిన రికార్డును 33 స్పీడులో తిప్పడం చాలామందికి ఇష్టమైన చిట్కా. అప్పుడు షడ్జమం కింది పంచమం దాకా దిగి, ఇంకో 20 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు) కిందికి జారుతుంది. 220 హెర్ట్జ్ దగ్గర ఆ 20 సెంట్లే సెకనుకు రెండున్నరసార్లు ఊగే అల అవుతుంది, శ్రుతి తప్పిన తంబురాలా. పిచ్ స్లైడర్ 1.2 శాతం పైకి జరిపితే సర్దుకుంటుంది.

ఇక బాస్. రెండు లోతైన డ్రోన్లు కలిస్తే ఒకచోట ఉబ్బుతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి మింగేస్తాయి. లోపలికి వచ్చే ట్రాకుకు 120 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకు కిందివాటిని కోసే ఫిల్టర్) పెట్టి, పాతదాని అడుగు తీసేస్తూ కొత్తదాని అడుగు 30 సెకన్లలో వదలండి. ఫేడ్ గీత (ఒకటి తగ్గి ఇంకోటి పెరిగే వాల్యూమ్ గీత) వంపు లేకుండా తిన్నగా గీస్తే మధ్యలో మిక్స్ 3 డెసిబెల్స్ కుంగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఈక్వల్ పవర్ వంపు వాడితే కుంగదు. కానీ ఒకే రికార్డింగ్ రెండు కాపీలను అతికేటప్పుడు అదే వంపు 3 డెసిబెల్స్ ఉబ్బిస్తుంది, అక్కడ తిన్నని గీతే మేలు.

పాత టేపులతో ఇంకో చిక్కు. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (డిజైన్ విద్యాసంస్థ)లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ 1969లో నెలకొల్పిన ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో కాలం నాటి టేపు పని పెట్టారనుకోండి, సంగీతం ఆగాక కూడా చెవి హిస్‌కి (టేపు వెనక ఎడతెగని ‘స్స్’ చప్పుడు) అలవాటుపడి ఉంటుంది. హిస్ ఠక్కున ఆగితే గదిలో ఫ్యాన్ ఆగినట్టు వినిపిస్తుంది. ట్రాక్ మొదట్లోనో చివర్లోనో దొరికే ఉత్త హిస్ 30 సెకన్లు కోసి, లూప్ చేసి, తర్వాతి ట్రాక్ కింద నిమిషంపాటు కరగనివ్వండి. లూపులు రెండు మూడు వాడితే పొడవులు పొంతన లేనివై ఉండాలి. ఆంబియెంట్‌కు పేరుపడ్డ ఇంగ్లిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978 నాటి ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ ఆల్బమ్‌లో ఒక స్వరం 23.5 సెకన్లకోసారి, ఇంకోటి దాదాపు 26 సెకన్లకోసారి తిరిగేవి. అందుకే ఒకే కలయిక మళ్లీ తొందరగా రాదు.

వాన చప్పుడు వద్దు, దయచేసి. అందరూ వాడేశారు. రైల్వే స్టేషన్ రికార్డింగ్ మంచిదే, కానీ ‘దయచేసి వినండి’ అని వినబడగానే తెలుగువాళ్ల చెవి సంగీతం వదిలేసి రైలు నంబరు వెంట పరుగెడుతుంది. భాష రాని శ్రోతకు అది ఉత్త శబ్దం. మీ శ్రోతలెవరో చూసుకుని మాటలున్న చోట కోయండి.

నాయిస్ ట్రాక్ (గరుకు చప్పుళ్లే సంగీతమైనది) ఒకటుంటే చాలు, 40వ నిమిషం దగ్గర. దాని 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ భాగాన్ని కాస్త దించండి, చెవి అలిసేది అక్కడే. మొత్తం మిక్స్ మైనస్ 16, మైనస్ 18 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనపు కొలత) మధ్య, ట్రూ పీక్ (అలల అసలు శిఖరం) మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఉంచండి. ప్రతి ట్రాకునూ ఒకే వాల్యూమ్ మట్టానికి లాగొద్దు, చిన్నగా వినిపించాల్సినది చిన్నగానే వినిపించాలి. మోనోలో (ఎడమ, కుడి చానళ్లు కలిపేసి) ఒకసారి వినండి. మరీ వెడల్పు చేసిన రివర్బ్ (గది ప్రతిధ్వని) అక్కడ చాలావరకు మాయమవుతుంది.

24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ (కుదించని ఆడియో) ఫైలు గంటకు దాదాపు 950 ఎంబీ. పంపాల్సింది అదే, ఎంపీ3 కాదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు చివరి క్లిప్ అంచు దగ్గర ఆపకండి, రివర్బ్ తోక తెగిపోతుంది. ఇంకో 15 సెకన్లు ఖాళీ వదలండి.