నవరోజులో ఒక లాలి

కొత్త కృతి ఎందుకు రాయాలన్న ప్రశ్న సంగీతం చెప్పుకుని బతికేవాడికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. త్యాగరాజస్వామివి ఇవాళ దొరుకుతున్నవే ఏడు వందల దాకా ఉన్నాయి. వాటిలో నాకు పాఠమైనవి సగం కూడా లేవు. ఆ పైన దీక్షితులవారు, శ్యామశాస్త్రులవారు, క్షేత్రయ్య పదాలు, అన్నమయ్య. "ఇంత సొత్తు ఇంట్లో పెట్టుకుని మళ్ళీ మనమొకటి రాయడమేవిట్రా" అనేవారు మా గురువుగారు. ఆయన పోయాక కూడా ఆ మాటే నాకు అడ్డుగోడ.

మా ఊరు కోనసీమలో, గోదావరి పాయ వైనతేయ ఒడ్డున. ఇంట్లో గాత్రం, వయొలిన్ చెబుతాను. వారానికోసారి సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వెళ్ళి అక్కడ కొందరికి చెప్పి వస్తాను. ఆమధ్య ఒక సభ కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఆరాధనకి మీరో కొత్త కృతి చెయ్యాలండి మాస్టారూ, పాంప్లెట్లో వేసేస్తాం" అన్నారు.

"ఎవరు పాడతారండి?" అన్నాను.

"ఎవరో ఒకరు పాడతారు లెండి, ఆయ్!"

ఆ "ఎవరో ఒకరు" దగ్గరే నా కలం ఆగిపోయింది. షణ్ముఖప్రియ రాగంలో పల్లవి ఒకటి పెట్టాను. వ్యాకరణం తప్పలేదు, ప్రాస కుదిరింది, తాళం నిలిచింది. పాడుకుంటే మాత్రం కొలతలు తీసుకోకుండా కుట్టిన చొక్కాలా ఉంది. పక్కన పెట్టేశాను. కార్యదర్శిగారు మళ్ళీ గుర్తు చెయ్యలేదు. ఆ సంవత్సరం కరపత్రం అప్పటికే అచ్చయిపోయిందనుకుంటా.

ఆ తర్వాత పెద్దవాళ్ళ కృతులను వేరే కంటితో చూడటం మొదలుపెట్టాను. ఇది ఏ రాగం, ఏ గమకం అని కాదు. ఇది ఎవరికోసం పుట్టింది అని. దీక్షితులవారి శిష్యుడు తంబియప్ప కడుపునొప్పితో బాధపడుతుంటే, గురుగ్రహ దోషమని తెలిసి, అతను పాడుకోవడానికి అఠాణా రాగంలో "బృహస్పతే" కట్టారనీ, నవగ్రహ కృతులకు అదే మొదలనీ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమో గానీ, ఒక మనిషి నొప్పికి ఒక కృతి అన్న మాట నాకు నచ్చింది. త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనలైతే మరీ స్పష్టం. స్వామిని మేలుకొలపడానికి ఒకటి, ఆరగింపుకి ఒకటి, ఉయ్యాలకి ఒకటి, పవళింపుకి ఒకటి. ఇంట్లో పూజ ఎలా నడుస్తుందో పాటలూ అలాగే నడుస్తాయి. పంచరత్నాలు రాసిన చెయ్యే ఇంత చిన్న చిన్న లాలిపాటలూ రాసింది.

మా కోనసీమవాళ్ళకు బాలమురళిగారి పేరెత్తకుండా పాట గురించి మాట్లాడటం రాదు. 1930లో శంకరగుప్తంలో పుట్టినాయన. 72 మేళకర్తల్లోనూ, అంటే మూల రాగాలన్నిటిలోనూ, కృతులు కట్టారు. నాలుగే స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు చేశారు. ఆయనకు ఖాళీగా ఉన్న చోటే ప్రయోజనం: ఇక్కడ పాట లేదా, అయితే పెడదాం. అంత ధైర్యం అందరికీ ఉండదు, నాకసలు లేదు. నేదునూరి కృష్ణమూర్తిగారిది ఇంకో దారి. అన్నమయ్య సాహిత్యం రాగిరేకుల మీద మిగిలింది, వరసలు చాలావాటికి పోయాయి. మాట ఉండి పాట లేనివాటికి పాట ఇచ్చారు.

ఇదంతా అమెరికాలో ఉన్న మా పాత శిష్యురాలితో అంటే, ఆ అమ్మాయి జర్మన్ స్వరకర్త బ్రామ్స్ గురించి చెప్పింది. 1890లో ఇక రాసింది చాలనుకున్నాడట. మరుసటేడు మ్యూల్‌ఫెల్డ్ అనే ఆయన క్లారినెట్ వాయించగా విని, మళ్ళీ కలం పట్టి ఆయనకోసమే ఒక ట్రయో, ఒక క్వింటెట్ రాశాడు. 1894లో రెండు సొనాటాలు కూడా. "ఒక్క మనిషి ఊపిరి విని రాశాడు మాస్టారూ" అంది. ఆ మాట బుర్రలో ఉండిపోయింది.

మా ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడి ఉంది. కల్యాణోత్సవాల ఆఖరి రాత్రి శ్రీపుష్పయాగం, పవళింపు సేవ. తెర వేసే ముందు ఒక లాలి పాడటం ఆనవాయితీ. కొన్నేళ్ళుగా అది మా శిష్యుడొకడు పాడుతున్నాడు. కొబ్బరి దింపు తీసేవారి అబ్బాయి. ఐదు శ్రుతిలో (అంకె పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తు) నీలాంబరి రాగం "ఉయ్యాలలూగవయ్య" అందుకుంటే ప్రసాదం కోసం తోసుకునేవాళ్ళు కూడా నిలబడిపోయేవారు. ఆ ఏడు వాడి గొంతు మారింది. ఎనిమిదో తరగతి అయ్యేసరికి మీసం గీత, బొంగురు మాట. వర్ణం పాడుతుంటే తారస్థాయిలో గొంతు రెండుగా చీలేది. పక్కనున్న ఆడపిల్లలు నవ్వేవారు. వాడు పాఠానికి రావడం తగ్గించాడు. "ఈసారి ఇంకెవరిచేతైనా పాడించండి మాస్టారూ, వాడు రానంటున్నాడు" అని వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. ఆవిడ వెళ్ళాక నేను వయొలిన్ తీశాను.

వాణ్ణి పిలిపించి, పాడమనకుండా, శ్రుతిపెట్టె పెట్టి కబుర్లు చెబుతూ గొంతు ఎక్కడుందో చూశాను. ఐదు నుంచి రెండు శ్రుతికి దిగింది. కింద మంద్ర పంచమం, అంటే కింది స్థాయి "ప" దాకా నిండుగా పలుకుతోంది. ఇదివరకు వాడికి లేని సొత్తు అది. పైన మధ్యస్థాయి పంచమం వరకు పరవాలేదు. ఆ పై మెట్టు ధైవతం తాకితే చాలు, చీలిక. అంటే పంచమం నుంచి పంచమం దాకా ఒక్క స్థాయి. వాడి గొంతులో నమ్మదగ్గ చోటు అంతే.

పాత పాటనే శ్రుతి దించి పాడించొచ్చు కదా అని ఎవరైనా అంటారు. అదీ చూశాను. నీలాంబరి కీర్తన తారషడ్జం, అంటే పై "స" అడుగుతుంది. శ్రుతి ఇంకా దించితే కింద మాట వినపడదు, పెంచితే పైన చీలుతుంది. "ముద్దుగారే యశోద" కురంజిలో చిన్న పరిధిలోనే ఉంటుంది గానీ కురంజి ధైవతం దాకా ఎక్కుతుంది, సరిగ్గా వాడు భయపడే మెట్టు అదే. అప్పుడు తట్టింది నవరోజు.

నవరోజు పంచమాంత్య రాగం. మంద్ర పంచమంలో మొదలై ధ ని స రి గ మ మీదుగా మధ్యస్థాయి పంచమం దగ్గర ఆగిపోతుంది. దాని పైకి వెళ్ళదు, వెళ్ళకూడదు. లాలిపాటలకూ ఉయ్యాల పాటలకూ పేరున్న రాగం. మామూలుగా మధ్యమ శ్రుతి పెట్టుకుని, అంటే మధ్యమాన్నే షడ్జం చేసుకుని పాడతారు. అలా పెడితే మంద్ర పంచమం కాస్తా ఆధార షడ్జం చోటికి వస్తుంది, పైది తారషడ్జానికి పోతుంది. మావాడికి అది పనికిరాదు. అందుకని ఆనవాయితీ పక్కన పెట్టి మామూలు శ్రుతిలోనే ఉంచాను, వాడి కొత్త బొంగురు గొంతు కిందంతా వినపడేలా. దీక్షితులవారి "హస్తివదనాయ" నవరోజే, కానీ అది గణపతి మీద. వేణుగోపాలుడి పవళింపుకి ఈ కొలతలో నాకు తెలిసిన పాట లేదు. "ఇంత సొత్తు ఉండగా" అన్న గురువుగారికి మొదటిసారి నా దగ్గర జవాబు దొరికింది.

పంటు మీద ఇంజను మోతలో వరస కట్టడం కుదరదు, మన గొంతు మనకే వినపడదు. మాటలు మాత్రం రాసుకోవచ్చు. మొదట "పాలకడలి సామి" అని ఎత్తుకున్నాను. "పా" దీర్ఘం పై పంచమం మీద పడింది. వాడు ఆ అంచున అంతసేపు నిలవలేకపోయాడు, ఆఖర్న గాలి తప్ప నాదం లేదు. అక్కడ హ్రస్వం కావాలి, తాకి దిగిపోవాలి. అలా వచ్చింది:

పవళించవయ్య మా పల్లె వేణుగోపాల
రవళి మాని వేణువు రవ్వంత సేదదీర

ఎత్తుగడలో "ప" పై పంచమం మీద, "గోపాల"లో "పా" కింది పంచమం మీద. రెండూ స్వరాక్షరాలే, అంటే మాటలోని అక్షరమూ స్వరం పేరూ ఒకటే. పల్లవి ఒక్క పాదంలోనే రాగమంతా పై నుంచి కిందికి దిగుతుంది. కింద "పా" దగ్గర వాడికి కావలసినంతసేపు నిలబడొచ్చు. స్వరాక్షరం పడిందని మురిసిపోయి రెండు రోజులు ఇంట్లో అందరికీ పాడి వినిపించాను. మా ఆవిడ, "పాటకేం గానీ, ఆ పిల్లాడు ఒప్పుకున్నాడా?" అంది.

తాళం మిశ్రచాపు. జారులు తగ్గించాను, జారిన చోటల్లా గొంతు దారి తప్పుతోంది. బిర్కాలు (వేగంగా దొర్లే స్వరాలు) అసలు పెట్టలేదు. చరణానికి మా రేవునే రాసుకున్నాను:

పడవలు రేవు చేరె, గడపల దివ్వెలారె
వడి తగ్గె వైనతేయ, వడలెను పూలదండ

వాడికి పాఠం చెప్పేటప్పుడు ఇది నీకోసం కట్టాను అనలేదు. "కొత్తది ఒకటి కుదరడం లేదు, కాస్త పాడి చూపించరా, ఎక్కడ బాగాలేదో తెలుస్తుంది" అన్నాను. గొంతు పరీక్ష వాడిది కాదు, పాటది అయ్యేసరికి కుదుటపడ్డాడు. "ఇక్కడ ఊపిరి అందట్లేదండి" అని చరణం రెండో పాదంలో చూపించాడు. నిజమే, అక్కడ విశ్రాంతి పెట్టాను. ఇంకోచోట మధ్యమం మీద నేను పెట్టిన కంపితాన్ని తీసేసి సాదాగా నిలిపాడు. అడిగితే, "ఊపితే నిద్ర లేస్తాడు కదండీ" అన్నాడు. అదే ఉంచేశాను.

ఆ రాత్రి సన్నాయి మేళం వాళ్ళు వాద్యాలు దించి కూర్చున్నారు. డోలు ఆయన మెల్లగా "తాళవేంటండి మాస్టారూ" అని అడిగి, మిశ్రచాపు అనగానే కర్ర పక్కన పెట్టి వేళ్ళతో అందుకున్నారు. శ్రుతిపెట్టె తప్ప ఇంకేం లేదు. వాడు ఎత్తుకోగానే వెనకనుంచి ఎవరో "ఇదెవడి గొంతురా" అన్నారు. వాడికీ వినపడింది. అయినా ఆపలేదు. "గోపాల" కిందికి దిగి నిలబడినప్పుడు అర్చకులుగారు తెర తాడు పట్టుకుని అలాగే ఉన్నారు, పాట అయిందో లేదో తెలియక. పల్లవి రెండో పాదం పాడనిచ్చాకే తెర వేశారు.

మరుసటేడుకి వాడి గొంతు కుదిరింది. ఇప్పుడు ఒకటిన్నర శ్రుతిలో తారషడ్జం మీద హాయిగా నిలుస్తాడు. నవరోజు ఇక వాడికి అవసరం లేదు, ఆభోగి వర్ణం ఎత్తుగడ స్వరాల మీద పడ్డాడు. ఐదు శ్రుతి ఆడపిల్లలు ఆ లాలి నేర్చుకుంటామన్నారు గానీ వాళ్ళకు కింద అందలేదు. మధ్యమ శ్రుతి పెట్టి చెప్పాను.

నేననుకోని చోట మాత్రం అది బాగా నాటుకుంది. శనివారం భజన చేసే పెద్దావిడలు. వయసుతో వాళ్ళ గొంతులు దిగిపోయాయి, ఆడపిల్లల శ్రుతిలో ఏదీ అందదు. ఈ పాట ఒక్కటే పైకి లాగకుండా సాగుతుందని వాళ్ళే పట్టుకున్నారు. వాళ్ళ ద్వారా ముమ్మిడివరం వైపు ఒక భజన బృందానికి చేరింది. వాళ్ళది గౌతమి పాయ. పాడుతుంటే విన్నాను: "వడి తగ్గె గౌతమమ్మ" అంటున్నారు. "వడి"కీ "వైనతేయ"కీ ఉన్న అక్షరాల జత పోయింది. వాళ్ళ రేవుకి నా రేవు పేరు ఎందుకు, అదీ నిజమే. ఇంటికొచ్చి "గడియలు జారె, మెల్ల గౌతమి కునుకు తీసె" అని యతి, ప్రాస రెండూ కుదిర్చి, పాడి వాట్సాప్‌లో పంపాను.

"చాలా బాగుందండి మాస్టారూ," అని జవాబొచ్చింది. "కానీ మాకు పాతదే నోటికొచ్చేసిందండి."