మొదటి లోక్‌సభ షీటు: తెలుగు సీట్ల దాకా వచ్చింది

సంక్రాంతి సెలవులు

1952 నాటి మొదటి లోక్‌సభ మొత్తాన్ని ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. ఎవరు ఎక్కడి నుంచి గెలిచారు, ఏ పార్టీ, ఎప్పటిదాకా ఉన్నారు, ఏ కమిటీలో పనిచేశారు అన్నది ఒక్క ఫిల్టర్‌తో తేలాలి. జాబితాలు దొరక్క కాదు. దొరికేవన్నీ గెలిచిన రోజు నాటివి. 1952 మే 13న తొలిసారి కూర్చున్న సభ 1957 ఏప్రిల్ 4న రద్దయ్యేలోగా మనుషులు మారారు, పదవులు మారాయి, రాష్ట్రాలే మారిపోయాయి. అందుకని ఒక వరుస అంటే నియోజకవర్గం అనో, మనిషి అనో పెట్టుకోలేదు. ఒక సీటులో ఒక మనిషి ఉన్న కాలం ఒక వరుస. మొదలు, ముగింపు తేదీలకు రెండు కాలమ్‌లు.

ముందు లెక్క సరిచూసుకునే పట్టిక వేశాను. నియోజకవర్గాలు 401. ఒక్కరిని పంపేవి 314, ఇద్దరిని పంపేవి 86, ముగ్గురిని పంపేది ఉత్తర బెంగాల్ ఒక్కటే. ఎన్నికైనవాళ్లు 489. వీళ్లకు తోడు నామినేటెడ్ సభ్యులు పదిమంది: జమ్మూకశ్మీర్‌కు 6, ఆంగ్లో ఇండియన్లకు 2, అండమాన్ నికోబార్‌కు 1, అస్సాం గిరిజన ప్రాంతాలకు 1. మొత్తం 499. ఏ రాష్ట్రం నింపినా చివర్లో పివట్ టేబుల్ (వరుసలన్నీ కూడి చూపే పట్టిక) ఈ అంకెల దగ్గరికే రావాలి.

ఎన్నికల సంఘం నివేదిక స్కాన్ కాపీలో ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్) పనికిరాలేదు. పేర్లన్నీ చేత్తో కొట్టడమే. ప్రతి మనిషికీ ఒక ఐడీ ఇచ్చి, ఒకే పేరుకు ఎన్ని స్పెల్లింగులుంటే అన్నీ వేరే షీటులో పెట్టాను. పాత చర్చల సంపుటాలు వెతికేవాళ్లకు ఒక మాట: 1954 మే దాకా సభకు లోక్‌సభ అన్న పేరు లేదు. అంతకుముందు వాటిని ‘హౌస్ ఆఫ్ ది పీపుల్’ పేరుతో వెతకాలి.

శివరాత్రి నాటికి

ఎక్కువ సమయం తిన్నవి ద్విసభ్య స్థానాలే. ఒక సీటు జనరల్, రెండోది ఎస్సీ లేదా ఎస్టీలకు రిజర్వు. అప్పట్లో బ్యాలెట్ మీద ముద్ర వేసేది లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. ఈ స్థానాల్లో ఓటరుకు రెండు బ్యాలెట్లు ఇస్తారు, రెండూ ఒకే పెట్టెలో వేయకూడదు. కాబట్టి పోలైన ఓట్లను ఓటర్ల సంఖ్యతో నేరుగా భాగిస్తే శాతం తప్పుతుంది. ‘తలకు ఎన్ని ఓట్లు’ అని ఒక కాలమ్ పెట్టి, 1 లేదా 2 వేసి, ఓటర్ల సంఖ్యను దాంతో గుణించాక భాగిస్తున్నాను. ఉత్తర బెంగాల్‌కు 3.

నల్లగొండలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి, నెహ్రూ కంటే ఎక్కువ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నెహ్రూకు వచ్చినవి 2,33,571. ఇద్దరివీ ద్విసభ్య స్థానాలే కాబట్టి పోలిక నిలుస్తుంది. ఏకసభ్య స్థానం నుంచి గెలిచినవాళ్లతో పోల్చేటప్పుడే జాగ్రత్త. నల్లగొండ రెండో సీటు సుంకం అచ్చాలుది. ఆయన పేరు ఎవరూ ఎత్తరు. పార్టీ కాలమ్‌లో ఇద్దరికీ పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) అనే వేశాను. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో ఆ పేరుతో పోటీచేశారు, కమ్యూనిస్టుల 16 సీట్లలో కలిపేస్తే లెక్క చెడుతుంది.

ఫలితం తేల్చే పద్ధతి కూడా నోట్స్‌లో రాసుకున్నాను. రిజర్వుడు అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ముందు ఆ సీటు ఇస్తారు. మిగిలిన అందరిలో ఎవరు ముందుంటే జనరల్ సీటు వాళ్లది, వాళ్లు రిజర్వుడు వర్గంవాళ్లయినా సరే. 1957లో పార్వతీపురంలో వి.వి. గిరి ఓడింది ఇలాగే. రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వెళ్లాయి. 1959లో సుప్రీంకోర్టు కూడా అదే సరైనదంది. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలను ఎత్తేశారు.

ఉగాది వారం

ఆంధ్ర భాగం అయిపోయింది. మద్రాసు రాష్ట్రానికి 75 సీట్లు. 1953 అక్టోబర్ 1న పంచితే ఆంధ్రకు 28, బళ్లారి ఒకటి మైసూరుకు, మద్రాసుకు 46. నా వరుసలు కూడితే శ్రీకాకుళం నుంచి తిరుపతి దాకా సరిగ్గా 28 వచ్చాయి. 18 ఏకసభ్య స్థానాలు, ఐదు ద్విసభ్య స్థానాలు: విశాఖపట్నం, రాజమండ్రి, ఏలూరు, ఒంగోలు, చిత్తూరు.

విశాఖపట్నం వరుసల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒకరు ఆర్థిక విషయాల పండితుడు లంకా సుందరం. రెండోవారు అల్లూరి సీతారామరాజు దళంలో పోరాడిన గాం మల్లుదొర, గంటం దొర తమ్ముడు. ఇద్దరూ ఇండిపెండెంట్లే. ఒకే ఓటర్లు, ఒకే రోజు, ఇద్దరికీ ఓటేసి పంపారు.

బంధుత్వాలకు కాలమ్ పెట్టాలా వద్దా అని తటపటాయిస్తుంటే విజయవాడ తేల్చేసింది. అక్కడ గెలిచిన కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయ సరోజినీ నాయుడు తమ్ముడు. మెదక్ నుంచి పీడీఎఫ్ తరఫున గెలిచిన డాక్టర్ జయసూర్య ఆమె కొడుకు. మేనమామ, మేనల్లుడు ఒకే సభలో, రెండు వేర్వేరు రాష్ట్రాల నుంచి. కాలమ్ పెట్టేశాను.

ఇప్పుడు

పదవులకు, కమిటీలకు వేరే షీటు మొదలైంది. సభ్యుల షీటులో కలిపితే ఒకే మనిషి నాలుగుసార్లు కనపడి మొత్తం చెడిపోతుంది. తిరుపతి సభ్యుడు అనంతశయనం అయ్యంగార్‌కు అక్కడ ఒకే వరుస, ఇక్కడ డిప్యూటీ స్పీకర్‌గా ఒకటి, స్పీకర్ మావలంకర్ చనిపోయాక 1956 మార్చి 8 నుంచి స్పీకర్‌గా ఇంకొకటి. మావలంకర్ సీటుకేమో సభ్యుల షీటులోనే రెండు వరుసలు, ఉప ఎన్నికలో ఆయన భార్య సుశీల వచ్చారు కాబట్టి. మంత్రులు సభలో ఇచ్చిన హామీలు అమలయ్యాయా అని చూసే ప్రభుత్వ హామీల కమిటీ 1953 డిసెంబర్‌లో పుట్టింది, అంతకుముందు గడులు ఖాళీ. ప్రతిపక్ష నాయకుడి గడి ఐదేళ్లూ ఖాళీనే. కాంగ్రెస్‌కు 364 సీట్లు పోగా, సభలో పదో వంతు బలమున్న పార్టీ ఇంకోటి లేదు.

తర్వాత హైదరాబాద్ రాష్ట్రం 25 సీట్లు. రాష్ట్రం కాలమ్‌ను 1952, 1953, 1956 అని మూడుగా విడగొట్టాను. విజయవాడకు మూడింటిలో మూడు పేర్లు: మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్. స్వామి రామానంద తీర్థ గెలిచిన గుల్బర్గా చివరికి మైసూరులో తేలుతుంది. మరఠ్వాడా సీట్లు బొంబాయికి పోతాయి. ఉప ఎన్నికల తేదీలు దొరికినవి దొరికినట్టు ఎక్కిస్తున్నాను. రెండుచోట్ల సరిపోలని తేదీ గడికి పసుపు రంగు వేస్తున్నాను.