గురువారం ముహూర్తం

పదకొండు దాటింది. పడుకుందామని రెండుసార్లు దీపం ఆర్పి, రెండుసార్లూ లేచి వచ్చి ఇక్కడ కూర్చున్నాను. కారణం విని మా ఇంట్లో ఇప్పటికే నవ్వారు కనుక మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు. మా వీధి మొదట్లోని కిరాణా కొట్టు బోర్డు వెనక పిచ్చుక గూడు ఉంది. అందులో పిల్లలున్నాయి. వచ్చే గురువారం ఆ బోర్డు దింపేస్తున్నారు.

సాయంత్రం పెసరపప్పు కోసం వెళ్లినప్పుడు కొట్టు బాబాయిగారే సంబరంగా చెప్పారు. అద్దాల తలుపులు, ఏసీ, రాత్రి వెలిగే అక్షరాలతో కొత్త బోర్డు, అన్నీ గురువారం పూజకు సిద్ధం కావాలట. ఆయన చెబుతుండగానే షట్టరు చుట్టకూ పాత రేకు బోర్డుకూ మధ్యనున్న సందులో నుంచి ఒకటే కిచకిచ. గూడుందండీ అని పైకి చూపించాను. "ఉంటే ఏటి చెయ్యమంటావమ్మా, ముహూర్తం పెట్టీసినాం. మీ మేడ మీద పిట్టల పెట్టె కట్టినావు కదా, గూడు తీసి ఇచ్చెస్తాను, అందులో పెట్టీ" అన్నారు. అది వెటకారం కాదు. నాకు మేలు చేస్తున్నానని ఆయన నిజంగానే అనుకున్నారు. నేను వెర్రినవ్వొకటి నవ్వి పప్పు తీసుకుని వచ్చేశాను. అక్కడ చెప్పవలసింది అక్కడ చెప్పలేకపోయాను కనుక ఇప్పుడు మీ ప్రాణం తీస్తున్నాను.

ఇంటి సామాను మార్చినట్టు గూడును మార్చలేము. తల్లీ తండ్రీ ఆ సందును వెతుక్కుంటూ వస్తాయి తప్ప, పిల్లలను వీధి ఈ చివర నాలుగో అంతస్తుకు చేర్చామని వాటికి కబురు పంపేది ఎవరు? మనమే పెంచుదామంటే, ఈకలు కూడా సరిగా రాని పిల్లకు కావలసింది నూకలు కాదు, మెత్తని పురుగులు. అవి కూడా తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా విడవకుండా నోటికి అందుతూ ఉండాలి. ఆ కిచకిచ నేను మొదట విన్నది మొన్న మంగళవారం, పాలకు వెళ్లినప్పుడు. పిచ్చుక గుడ్లు పొదగడానికి 11 నుంచి 14 రోజులు పడుతుంది. పిల్లలు ఎగిరి గూడు వదలడానికి ఆ తరువాత సుమారు రెండు వారాలు. ఈ లెక్కన గురువారానికి వాటికి పది రోజుల వయసు ఉంటుందేమో. మరొక్క వారం ఆగితే అవే వెళ్లిపోతాయి. ఒక్క వారం కోసం అడగడానికి నాకు నోరు రాలేదు.

మేడ మీది పెట్టె సంగతి మీకు తెలిసినదే. రెండేళ్ల క్రితం మా ఆయన ఆన్‌లైన్‌లో తెప్పించి, బంధువులందరికీ చూపించి, పడమటి గోడకు బిగించారు. మన విశాఖ మధ్యాహ్నపు ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. పిచ్చుకకు 32 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుందని నేను ఆ తరువాత చదివాను. మా పెట్టె రంధ్రం రెండంగుళాలు ఉంది, గోరువంక తల దూర్చి చూసి రెండుసార్లు పెదవి విరిచి పోయింది. ముందు అందం కోసం ఒక పుల్ల కూడా బిగించి ఉంది. పిచ్చుకకు ఆ పుల్ల అవసరమే లేదు, దాని మీద రోజూ కాకి కూర్చుంటుంది. బాబాయిగారు నా ఇంటి పిట్టల వసతి గురించి అంత గౌరవంగా మాట్లాడుతుంటే, రెండేళ్లుగా ఆ ఇల్లు ఖాళీగానే ఉందని ఎలా చెప్పను?

సరే, బాబాయిగారి మీద కోపం రావడానికి ముందు నాకు మా అసోసియేషన్ మీద ఉన్న కోపం కక్కుకోవాలి. మార్చి 20న, అంటే 2010 నుంచి ప్రపంచ పిచ్చుకల దినోత్సవంగా జరుపుకుంటున్న రోజున, మా అపార్టుమెంటులో పది మట్టి మూకుళ్లు కొని, వాటిలో నీళ్లు పోసి, వరుసగా నిలబడి ఫోటోలు దిగారు. మూడో రోజుకు అన్ని మూకుళ్లూ ఎండిపోయాయి. ఆరో రోజుకు ఒక మూకుట్లో సిగరెట్టు పీక కనిపించింది. పిచ్చుకలు అంతరించిపోవడానికి సెల్ టవర్లే కారణమంటూ ఆ రోజు గ్రూపులో పొడవాటి సందేశం పెట్టిన పెద్దమనిషే, కిందటి దీపావళికి ముందు ప్రహరీ పక్కనున్న కాగితంపూల పొదను మొదలంటా కొట్టించి, ఆ నేలంతా టైల్సు పరిపించారు. సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి ఆ పొదలో నలభై యాభై పిచ్చుకలు చేరి, చోటు కోసం తగువులాడుకుని, దీపాలు పెట్టే వేళకు ఒక్కసారిగా నోరు మూసుకునేవి. చెత్త పడుతోందన్నారు, పాములు వస్తాయన్నారు. ఇప్పుడు అక్కడ రెండు స్కూటర్లు నిలుపుకుంటున్నారు. మిగిలిన నాలుగు క్రోటన్ మొక్కలకూ పదిహేను రోజులకొకసారి మందు కొట్టిస్తారు కనుక వాటి మీద పురుగనేదే ఉండదు. పిచ్చుకలు ధూళిస్నానం చేయడానికి గుప్పెడు మట్టి కూడా మిగల్చకుండా, మూకుట్లో నీళ్లు పోసి ఫోటో దిగితే సరిపోతుందా?

ఇది చాలదన్నట్టు పావురాల వలలు. ప్రతి బాల్కనీకి వల కట్టించాలని తీర్మానం చేశారు. మాకు తప్ప అందరికీ కట్టేశారు. నేను ఒప్పుకోకపోవడానికి కారణం పిట్టల మీది ప్రేమేనని చెప్పుకుంటూ వచ్చాను. కానీ నిజం ఇప్పుడు, ఈ చీకట్లో, మీతో ఒప్పుకోవాలి. ఆ పావురాలను పిలిచింది నేనే. పిచ్చుకల కోసమని రోజూ పొద్దున్నే గోడ మీద సజ్జలూ నూకలూ పోశాను. నాలుగో అంతస్తుకు పిచ్చుకలు అరుదుగా వచ్చాయి, పావురాలు మాత్రం చుట్టాలను వెంటబెట్టుకుని మరీ వచ్చాయి. మూడో అంతస్తు అమ్మగారు ఆరబెట్టిన వడియాల మీద అవి చేసిన పనికి నేను ఇంతవరకు క్షమాపణ చెప్పలేదు. ఆవిడ నన్ను లిఫ్టులో చూసి మొహం తిప్పుకుంటే గర్వమనుకున్నాను.

హుద్‌హుద్ తుపాను నాటి పిచ్చుక కథ ఈ ఫేస్‌బుక్ గోడ మీద ఇదివరకు సగమే రాశాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పటికి మేము సీతమ్మధారలో అద్దెకు ఉండేవాళ్లం, చిన్నదానికి రెండేళ్లు. ఉదయం నుంచి ఊళ పెడుతున్న గాలి, తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి ఆగి ఉండే చోటు, ఊరి మీదుగా దాటుతున్నప్పుడు ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. అయిపోయిందనుకుని మా ఆయన తలుపు తీయబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ నిశ్శబ్దంలోనే, పగిలిన కిటికీ అద్దంలో నుంచి ఒక మగ పిచ్చుక లోపలికి వచ్చింది. గొంతు కింది నల్లని మచ్చ తడిసి, పిడికిలిలో సగం కూడా లేదు. రెండుసార్లు గోడలకు కొట్టుకుని చివరికి సీలింగు ఫ్యాను రెక్క మీద కూర్చుంది. తరువాత గాలి రెండో వైపు నుంచి మొదలయింది. ఆ రెండో గాలే అసలుది. మేము నలుగురం మంచం పక్కన నేల మీద, అది రెక్క మీద. ఫ్యాను గాలికి తనంతట తానే మెల్లగా తిరుగుతుంటే అది కూడా గదంతా తిరుగుతూ మమ్మల్ని చూసేది.

రాత్రి కొవ్వొత్తి వెలుగులో అత్తయ్య చేసిన పని ఇది: చిన్నదాని మోకాలి దెబ్బకు తెచ్చిన ప్లాస్టరు తీసి ఫ్యాను స్విచ్చి కదలకుండా అంటించారు. ఊరంతా స్తంభాలు నేలకూలి ఉన్నాయి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. "వస్తే?" అన్నారు ఆవిడ. మరునాడు తెల్లవారి చూస్తే ఎదురింటి బాదం చెట్టు లేదు, వీధిలో నిలబడ్డ చెట్లకు ఆకు లేదు, కైలాసగిరి కొండ మంట పెట్టినట్టు గోధుమరంగులో ఉంది. పిచ్చుక కిటికీలో నుంచి వెళ్లిపోయింది. మేము పాల ప్యాకెట్టు కోసం, నీళ్ల కోసం వరుసల్లో నిలబడి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అది మళ్లీ రెక్క మీద ఉంది. ఆ రాత్రి కూడా అక్కడే పడుకుంది, మూడో రాత్రికి రాలేదు. ఎన్నో రోజుల తరువాత కరెంటు వచ్చినప్పుడు వీధంతా ఒక్కటే కేక. మేము మాత్రం ఫ్యాను వేయకుండా పైకి చూస్తూ నిలబడ్డాం.

ఆ కథ చెప్పినప్పుడల్లా పిచ్చుకను కాపాడామనే చెప్పుకుంటాం. మేము గింజలు వేశామా అంటే వేశాం, అది ముట్టలేదు. కిటికీ అద్దం వెంటనే బాగు చేయించలేదు, స్విచ్చి నొక్కలేదు, అంతే. ఇది రాస్తుంటే బాబాయిగారి మీద పెంచుకుంటున్న కోపం ఎక్కడో జారిపోయింది. పంతొమ్మిదేళ్లుగా ఆ బోర్డు వెనకకు ఆయన కర్ర పెట్టి పొడవలేదు. బియ్యం బస్తాల మీద రెట్టలు పడితే తిట్టుకుంటూ గోనె పట్టా కప్పారు తప్ప సందు మూయలేదు. చాటలో మిగిలిన నూకలు గుమ్మం ముందు విదిలించడం ఆయన వ్యాపారపు అలవాటే అనుకున్నా, వీధిలో పిచ్చుకలంటూ ఉన్నది ఆ గుమ్మం ముందే. ఇక ఏసీ, అద్దాలు ఎందుకు వచ్చాయంటే, నాలాంటి వాళ్లం పది నిమిషాల్లో గుమ్మంలోకి సరుకు తెచ్చే యాప్‌లకు అలవాటు పడ్డాం కనుక. ఈ నెల పచారీ సరుకులు నేను తెప్పించింది అక్కడి నుంచే. ఆయన దగ్గర కొన్నది పెసరపప్పు ఒక్కటే, అది కూడా యాప్‌లో లేకపోబట్టి.

మా ఆయన మరో వైపు నుంచి వచ్చారు. దేశంలోని పక్షుల స్థితి మీద 2020లో వచ్చిన నివేదిక ప్రకారం పాతికేళ్లలో పిచ్చుకల సంఖ్య మొత్తం మీద నిలకడగానే ఉందట, ఆరు మహానగరాల్లోనే తగ్గిందట, సెల్ టవర్లకు గట్టి ఆధారమేదీ లేదట. "నీ పిచ్చుకలకేమీ ఢోకా లేదు, పడుకో" అన్నారు. ముందు ఒళ్లు మండింది. తరువాత ఆలోచిస్తే ఆయన మాటలో తప్పేమీ కనిపించలేదు. ఈ గూడు పోయినంత మాత్రాన పిచ్చుక జాతికి లోటు రాదు. కాని మంగళవారం నుంచి ఆ గోల వింటున్నది నేను. ఆర్కే బీచ్‌లో తడి ఇసుకలో పాదం మీద కట్టే పిచ్చుక గూళ్లు తప్ప అసలు గూడు ఎరగని చిన్నది, ఇవాళ కొట్టు మెట్టెక్కి తొంగిచూసి, ముక్కులు లెక్కపెట్టి మూడని చెప్పింది.

ఇందాక పడుకున్నప్పుడు తట్టిన ఉపాయం ఇది. తలుపులు, ఏసీ గురువారానికే కానివ్వాలి. పాత బోర్డు ఒక్కటి వారం ఉంచి, దాని ముందు ప్రారంభోత్సవం ఫ్లెక్సీ ఒకటి, పక్క సందు మూసుకోకుండా కట్టించాలి. ఫ్లెక్సీ ఖర్చు నాది. వెలిగే బోర్డు కోసం ఆయన ఎంత ముచ్చటపడుతున్నారో నాకు తెలుసు కనుక ఒప్పుకుంటారని ధైర్యంగా చెప్పలేను. కనీసం మూడో అంతస్తు అమ్మగారినైనా వెంట తీసుకెళదామా అంటే, వడియాల సంగతి అడ్డు వస్తోంది. ముందు అది తేల్చుకోవాలి.

రేపు ఆరింటికి పాల వంకతో వెళతాను. ఈ మాట చెబితే మా ఆయన దుప్పటి లోపలి నుంచే, ఫ్లెక్సీకి డబ్బులిచ్చిన వాళ్ల ఫోటో కింద "శుభాకాంక్షలతో" అని వేస్తారు, మంచి ఫోటో ఒకటి వెతికి పెట్టుకో అన్నారు.