స్కాన్ మామూలుగా ఉన్నా నిద్ర లేపుతాం

బైకు మీద నుంచి పడి తలకు దెబ్బతో వచ్చిన కుర్రవాడి సీటీ స్కాన్‌లో ఏమీ లేదని తెలియగానే, ‘ఇంకేం సిస్టర్, ఇంటికి తీసుకుపోతాం’ అంటారు వెంట వచ్చినవారు. తలదెబ్బకు మెదడు అదిరే కంకషన్‌లో స్కాన్ మామూలుగా ఉండడమే సహజం. అదురుకు మెదడు పనితీరు కొంతకాలం తడబడుతుంది, ఆ తడబాటు ఫిల్ములో కనబడదు. తగ్గించే మందంటూ లేదు కనుక మొదటి గంటల్లో జాగ్రత్తగా గమనించడమే అసలు చికిత్స, ఆ పని ఎక్కువగా నర్సుది.

ఇందుకు మా కొలమానం 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు రూపొందించిన, రోగి స్పృహను మార్కుల్లో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు. ఎక్కువలో ఎక్కువ కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. పూర్తిగా 15 ఉన్న రోగిని కూడా మొదటి 2 గంటలు అరగంటకోసారి, తరువాత 4 గంటలు గంటకోసారి, ఆపైన 2 గంటలకోసారి చూడాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి.

‘నా బండి ఏమైంది?’ అని రోగి పదే పదే అడుగుతుంటే తల్లి కంగారుపడుతుంది గాని, కంకషన్‌లో అది తరచూ చూసేదే. నాకు భయం కలిగించేవి వేరు: అప్పటిదాకా తన ఊరూ, నెలా సరిగ్గా చెప్పినవాడు తికమకపడి మాట మార్కు 5 నుంచి 4కు దిగడం, తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్లీ మళ్లీ వాంతులు, టార్చి వేసి చూస్తే ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదిగా ఉండడం. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతున్న రోగి కొంతసేపు చక్కగా మాట్లాడి, ఆ తరువాతే మగతలోకి జారవచ్చు. అందుకే ‘ఇప్పుడే నిద్రపట్టింది, లేపకండి సిస్టర్’ అని బతిమాలినా లేపుతాం. మద్యం వాసన వస్తోంది కాబట్టి ఆ మగత తాగుడు వల్లే అనుకోవడం, నా దృష్టిలో, క్యాజువాలిటీలో అన్నింటికన్నా ప్రమాదకరమైన ఊహ.

నొప్పికి పారాసెటమాల్ చాలు. రక్తస్రావ భయం వల్ల ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటివి మొదట్లో వద్దంటాం; నిద్రమాత్ర ఇస్తే స్పృహను అంచనా వేయడమే కష్టం. ఇంటికి వెళ్లాక ఒకటి రెండు రోజుల విశ్రాంతి సరిపోతుంది. వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టడం వల్ల కోలుకోవడం ఆలస్యం కావచ్చు కూడా. నడక, చదువు మెల్లగా మొదలుపెట్టించి, క్రికెట్ మాత్రం డాక్టరు సరేననేదాకా ఆపించాలి. మొదటి రోజంతా పక్కన ఒక మనిషి ఉండాలి. దెబ్బ తగిలినవారు రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవారైతే, ఆ సంగతి మేము అడగకముందే చెప్పండి. వారికి స్కాన్ తీసే నిర్ణయమే మారవచ్చు.